గళ్లలో చెదిరిన చేతులు

ములకలపల్లి అవతల, అడవి అంచున ఉన్న ఆ తండాలో పుష్ప సంగతి ఎవర్నడిగినా ముందు ఒక్కటే మాట చెబుతారు: మొండిది. తాను పట్టిన కుందేటికి మూడే కాళ్లనే రకం. చిన్నప్పుడు వాన పడి వాగు పొంగితే, పుస్తకాల సంచి నెత్తిన పెట్టుకుని ఒడ్డునే నిలబడింది తప్ప బడి మానేసి ఇంటికి రాలేదు. తండ్రి దేవ్లా వెళ్లి రెక్క పట్టుకుని లాక్కొస్తే ఆ పూట అన్నం ముట్టలేదు. అలాంటి పిల్ల లెక్కల్లో ఎమ్మెస్సీ చేసి, కొత్తగూడెంలో గది అద్దెకు తీసుకుని ప్రైవేటు కాలేజీలో పాఠాలు చెబుతోందంటే తండాలో ఎవరూ నోరు వెళ్లబెట్టలేదు. ఆ లెక్కలు తీసుకొచ్చి కన్నతల్లి రవికె మీది అద్దాలతో పోట్లాటకి దిగినప్పుడు మాత్రం, దీనికి చదువు తలకెక్కిందన్నారు.

ఆ పోట్లాట తెలియాలంటే ముందు తిరుపతి తెలియాలి. పుష్పకి తమ్ముడు. పుట్టుచెవుడు. చెవి లేకపోతే మాటెక్కడిది, మాటా రాలేదు. భద్రాచలంలో పెద్ద దవాఖానాకి తిప్పారు, మొక్కులు మొక్కారు, ఎవరో చెప్పారని ఆకుపసర్లు పోశారు. ఆ పరుగులన్నీ చూసీ చూసీ తల్లి బాలికి ఒకనాడు ఒళ్లు మండింది. వాడికి నోరు లేకపోతే తనకి చేతులు లేవా అని, ఆ సాయంత్రం నుంచే చేతులతో భాష మొదలుపెట్టింది. బొటనవేలితో నుదుటి మీద అడ్డంగా గీస్తే నాన్న, ఆయన తలపాగా గుర్తు. అరచేతిలో అరచెయ్యి తిప్పి తడితే జొన్నరొట్టె. ముక్కు చీదినట్టు చేస్తే అక్క. పుష్పకి చిన్నప్పుడు ముక్కు కారని రోజు లేదులెండి. ఏ బడిలోనూ నేర్పని ఆ భాష ప్రపంచం మొత్తం మీద ఆ ఇంట్లో నలుగురికే వచ్చు.

సరే, మాట్లాడ్డానికి చేతులున్నాయి. మరి పెరట్లో ఆడుకుంటున్న చెవిటి పిల్లాణ్ని పిలవడం ఎలా? బాలి దానికీ దారి కనిపెట్టింది. లంబాడీ ఆడవాళ్ల రవికెకి అద్దాలు కుట్టి ఉంటాయి కదా. రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని, ఎండకేసి ఓరగా తిరిగి, ఆ అద్దాల మెరుపు తెచ్చి వాడి మొహం మీద వేసేది. వాడు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వుతూ పరుగెత్తుకొచ్చేవాడు. తిరుపతీ అన్న పేరు వాడెప్పుడూ విన్నది లేదు. ఆ మెరుపే వాడి పేరు.

పెద్దవాడయ్యాక హైదరాబాద్ శివార్లలో మందుల ప్యాకింగ్ పని దొరికింది. అక్కడ తనలాంటి వాళ్లే ఐదారుగురు ఒక గదిలో ఉంటారు. వాళ్ల చేతుల భాష వేరు, అదీ నేర్చుకున్నాడు. సినిమాలకి వెళ్తాడు, గది వంటలో వంతు చేస్తాడు, ఎవరో వాలీబాల్ జట్టులో చేర్చుకున్నారు. పుష్ప ఒకసారి చూడ్డానికి వెళ్లి ఆ గది గుమ్మంలో నిలబడి కళ్లనీళ్లు పెట్టుకుంది. తండాలో ఎంత ప్రేమగా చూసినా వాడు చెవిటోడే. ఇక్కడ తిరుపతి.

ఇంటికి వీడియో కాల్ చేసేవాడు. తండాలో సిగ్నల్ దొరికేది గుట్ట దిగువన ఇప్పచెట్టు కింద ఒక్కచోటే. కొడుకుతో మాట్లాడ్డానికి వెళ్తున్నానంటే బాలి పెళ్లికి వెళ్తున్నట్టే తయారయ్యేది. పెట్టెలోంచి అద్దాలు నిండుగా ఉన్న రవికె తీసేది, మణికట్టు నుంచి మోచేతి పైదాకా తెల్లగాజులు తుడుచుకునేది. కాల్ కలవగానే ముందు ఎండకి ఓరగా తిరిగి ఓ మెరుపు వేసేది. అవతల వాడు కళ్లకి చెయ్యి అడ్డం పెట్టేవాడు. ఆ తర్వాతే మాటలు.

వానాకాలం వచ్చేసరికి సిగ్నల్ పడిపోయింది. బాలి చేతులెత్తితే చాలు, ఆ చేతులు గళ్లుగళ్లుగా చెదిరిపోయి, వేళ్లున్న చోట మట్టిరంగు చౌకాలు మిగిలేవి. మళ్లీ చెప్పమని తిరుపతి సైగ చేసేవాడు. మళ్లీ చెబితే మళ్లీ చౌకాలు. మామూలు మనుషులైతే బొమ్మ పోయినా గొంతు వింటారు. వీళ్లకి బొమ్మ పోతే ఇంకేముంది? విసిగి విసిగి వాడు కాల్ చేయడం తగ్గించాడు. చెప్పాల్సింది పుష్పకి రాసి పంపేవాడు. పుష్ప చదివి తల్లికి చెప్పేది. బాలి కొన్నాళ్లు విని ఊరుకుంది. ఒక ఆదివారం మాత్రం సగంలోనే ఫోను మీద చెయ్యి అడ్డం పెట్టేసింది.

“నడుమ నువ్వెందుకు బిడ్డా? నా కొడుకు నాతోని మాట్లాడాలె. లేకపోతె ఇంటికి రావాలె. తీజ్ పండుగ దాకా చూస్త. అప్పటికి గూడ గిట్లనే ఉంటె మీ బా పోయి తోల్కొస్తడు.”

బా అంటే వాళ్ల మాటలో నాన్న. దేవ్లా భార్య మాట జవదాటిన మనిషి కాదు, అప్పుడే బస్సు వేళలు వాకబు చేయడం మొదలుపెట్టాడు. తల్లిది తప్పని పుష్ప ఎలా అంటుంది? తమ్ముణ్ని ఆ గదిలోంచి లాక్కొచ్చి మేకల వెంట పంపడాన్ని ఎలా చూస్తుంది? తీజ్ లోపు యాడి చేతులు తమ్ముడికి కనపడాలి, అంతే అనుకుంది. యాడి అంటే అమ్మ.

ముందు అందరూ చేసే పనులే చేసింది. సిమ్ మార్చింది. పెద్ద రీఛార్జి వేయించింది. చెట్టు ఆకులు ఊగుతుంటే బొమ్మ పాడవుతుందని ఎక్కడో చదివి, ఇప్పచెట్టుకి దుప్పటి కట్టి దాని ముందు తల్లిని నిలబెట్టింది. పక్కింటి జంపక్క అది చూసి, మీ అమ్మకి రెండో పెళ్లి చూపులా అని అడిగింది. కాస్త మెరుగైంది గానీ వేళ్లు మాత్రం రాలేదు. ఇక లాభం లేదని ఖమ్మంలో అనిల్‌కుమార్ సార్ దగ్గరికి పరుగెత్తింది. సత్తుపల్లి వైపు రైతుల బిడ్డ ఆయన. పుష్ప పీహెచ్‌డీకి గైడు. ఆవిడ పేరు నమోదు చేసుకున్న విషయం కూడా ఇదే, బొమ్మల్ని కుదించే గణితం. ఉద్యోగంలో పడి పక్కన పడేసింది. ఇన్నాళ్లకి కనపడ్డందుకు ఆయన ఓ చీవాటు పెట్టి, కూర్చోబెట్టాడు.

ఆ గణితం నిజానికి వింతేం కాదు, దానికి పెట్టిన పేర్లకే నోరు తిరగదు. ఫోను ముందు బొమ్మని చిన్నచిన్న గళ్లుగా కోస్తుంది. ఒక్కో గడిలో వెలుగు ఎక్కడ పెరిగిందో ఎక్కడ తగ్గిందో చూసి, దాన్ని అలలుగా విడగొడుతుంది. నిదానంగా సాగే అలల్లో ఆకారం ఉంటుంది, చకచకా కదిలే అలల్లో నగిషీ ఉంటుంది. నగిషీ కాస్త పోయినా కన్ను పట్టించుకోదు కాబట్టి, ఆ చురుకు అలల విలువల్ని ఓ పెద్ద అంకెతో భాగించి, మిగిలిన పిసరుని సున్నా కింద కొట్టేస్తుంది. సున్నాలు పంపడానికి పెద్ద ఖర్చుండదు. సిగ్నల్ ఎంత తగ్గితే ఆ భాగించే అంకె అంత పెద్దదవుతుంది. ఆఖరికి గడికి ఒక్క రంగు మిగులుతుంది. బాలి వేళ్లు చౌకాలైపోయింది అందుకే.

వీడియో దగ్గర ఇంకో పొదుపు ఉంది. వెనకటి బొమ్మలో ఉన్నదాన్ని మళ్లీ పంపదు. గోడ కదల్లేదు, అది అట్లాగే ఉందంటే చాలు. చెయ్యి పక్కకి జరిగింది, ఆ ముక్కనే ఇటు జరుపుకో అంటే చాలు. కానీ క్షణానికో తీరుగా తళుక్కుమనేది ఏదైనా ఉంటే వెనకటి బొమ్మ ఎందుకూ పనికిరాదు, ప్రతిసారీ మొదట్నించీ చెప్పాల్సిందే. సార్ కంప్యూటర్లో ఒక ప్రోగ్రాం ఏ గడికి ఎంత ఖర్చయిందో ఎరుపులో చూపిస్తుంది. పుష్ప తల్లి వీడియో ఒకటి అందులో వేసింది. బాలి రవికె అంతా నిప్పులా ఎర్రగా ఉంది. చేతులు తెల్లబోయి ఉన్నాయి. ఉన్న కాస్త సిగ్నల్‌నీ ఆ అద్దాలే తినేస్తున్నాయి.

“ఆవిడ చేత మామూలు చీర కట్టించమ్మా. సగం పని అయిపోతుంది,” అన్నాడు సార్.

ఇంత తేలిగ్గా తేలిపోయిందా అని పుష్ప ఎగిరి గంతేసింది. మరుసటి ఆదివారం తన లేతరంగు నూలు చీర ఒకటి పట్టుకుని తండాకి వచ్చింది. బాలి ససేమిరా అంది. పుష్ప బతిమాలింది, గడ్డం పట్టుకుంది. చివరికి బాలి, నువ్వు చదువుకున్నదానివి, నీకెరుక అని ఒక్క మాట అని కట్టుకుంది. అద్దాల్లేకపోయేసరికి ఒంటి మీద ఏమీ లేనట్టుందేమో, కొంగు తీసి భుజాల నుంచి మణికట్ల దాకా నిండా కప్పుకుంది. గాజులన్నీ దాని చాటున దాగిపోయాయి.

కాల్ కలిసింది. ఏం చెప్పమంటారు, చేతులు అద్దంలో చూసినట్టు కనపడ్డాయి! వేలు వేలూ విడివిడిగా. పుష్ప సంబరం అంతా ఇంతా కాదు. తిరుపతి మాత్రం ఆ చేతులకేసి చూడనే లేదు. తల్లి మొహం చూశాడు, చీర చూశాడు, భుజాలు చూశాడు. వాడి మొహంలో నెత్తుటిచుక్క లేదు. కాల్ కట్ అయిపోయింది. ఎన్నిసార్లు చేసినా మళ్లీ ఎత్తలేదు, రాసి పంపినా జవాబు రాలేదు. సిగ్నల్ పాపమే అనుకుని పుష్ప కొత్తగూడెం వెళ్లకుండా ఆ రాత్రికి ఇంట్లోనే ఉండిపోయింది.

పొద్దున్నే తిరుపతి తండాలో దిగాడు. చేతిలో సంచి లేదు, కాళ్లకి ప్యాకింగ్ హాల్లో వేసుకునే రబ్బరు చెప్పులు. పెరట్లో మేకలదొడ్డికి తడిక కడుతున్న తండ్రిని చూసి అక్కడే నేల మీద కూలబడి, రెండు చేతుల్లో మొహం పెట్టుకుని ఏడ్చాడు. బొటనవేలితో నుదుటి మీద అడ్డంగా గీస్తాడు, ఏడుస్తాడు, మళ్లీ గీస్తాడు. అప్పుడు తట్టింది పుష్పకి. ఆ తండాలో మొగుడు పోయిన ఆడది తెల్లగాజులు తీసేస్తుంది, అద్దాల బట్టలు పెట్టెలో పెట్టేసి మామూలు చీర కడుతుంది. నిన్నటి కాల్‌లో మెరుపు లేదు, అద్దాల్లేవు, గాజుల్లేవు. నాన్న పోయాడని చెప్పడానికే అమ్మ అలా కనపడిందనుకున్నాడు వాడు.

ఇంత చదువు చదివి, ఈ గడపలోనే పుట్టి, ఈ మాత్రం తట్టలేదా తనకి! పుష్ప తన్ను తాను తిట్టుకున్న తిట్లు ఇక్కడ రాసేవి కావు. గోరుచుట్టు మీద రోకటి పోటులా తిరుపతి సూపర్‌వైజర్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది: చెప్పకుండా పోయావు, ఇంకోసారి ఇలా జరిగితే రావాల్సిన పన్లేదు. వాణ్ని మధ్యాహ్నం బస్సుకే తిరిగి పంపారు. బాలి చీర మడతపెట్టి కూతురి చేతికిచ్చింది. తిట్టినా బాగుండేది.

ఇక యాడి ఒంటి మీది దేన్నీ ముట్టుకోకూడదని ఆ రోజే అనుకుంది పుష్ప. మారాల్సింది రవికె కాదు, భాగించే అంకె. సిగ్నల్ పడిపోతే ఫోను ఆ అంకెని బొమ్మ మొత్తానికీ పెంచేస్తోంది. చేతులకి చిన్న అంకె, తక్కినదానికి పెద్ద అంకె ఎందుకు పెట్టకూడదు? ఉన్నది పిడికెడు గింజలే అయినప్పుడు ఆకలి ఎవరిదో చూసి పెట్టాలి కదా. ఎవరైనా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అని వదిలేసిన వీడియో కాల్ ప్రోగ్రాం ఒకటి ఉందని సార్ చూపించాడు. కాగితం మీద లెక్కలు చేసిన మనిషి ప్రోగ్రాం రాయడం మొదట్నించీ నేర్చుకుంది. కాలేజీకి ముందు కాసేపు, కాలేజీ తర్వాత కాసేపు. తోటి లెక్చరర్లు టీకి పిలిచి పిలిచి మానేశారు.

చిక్కు ఇంకోచోట వచ్చింది. ఏ గళ్లలో చేతులున్నాయో ఫోనుకి తెలిసేదెలా? చేతుల్ని గుర్తుపట్టే రెడీమేడ్ ప్రోగ్రాములున్నాయి. అవి బాలి చేతుల్ని పట్టుకోలేకపోయాయి. చెట్టునీడలో నల్లటి చేతులు, వాటి నిండా పచ్చబొట్లు. ఒకసారి పట్టేవి, పదిసార్లు వదిలేసేవి. పుష్ప ఆ వీడియోలు తిప్పి తిప్పి చూసింది. ఎంత చెదిరిన బొమ్మలోనూ చెదరనిది ఒకటుందని అప్పుడు కంటబడింది. తెల్లగాజులు. నల్లటి చేతి మీద తెల్లటి పట్టీలు వరసగా. అవి దొరికితే, వాటి చివర ఉన్నది చెయ్యే. యాడి వాటిని తీసే ప్రశ్నే లేదు, బా నూరేళ్లు బతకాలి. సార్‌కి చెబితే ముందు నవ్వాడు, తర్వాత నవ్వు ఆపి, ఇది థీసిస్‌లో పెట్టుకోవచ్చన్నాడు. ముందు మా తమ్ముడికి కనపడనివ్వండి సార్ అంది పుష్ప.

మొదటిసారి పరీక్షించినప్పుడు జంపక్క మేక ఒకటి నడిచొచ్చి బాలి పక్కన నిలబడింది. నల్లమేక, కాళ్లకి తెల్లమచ్చలు. ప్రోగ్రాం ఆ కాళ్లనే చేతులనుకుని గిట్టలతో సహా బ్రహ్మాండంగా చూపించింది, బాలిని వదిలేసింది. తండా అంతా పడీపడీ నవ్వింది. పుష్పకీ నవ్వొచ్చింది గానీ, మొహానికి దిగువన, భుజాలకి ఇరుపక్కలా ఉన్న గాజుల్నే చూడాలని రెండ్రోజులు కూర్చుని ప్రోగ్రాంకి నేర్పింది. ఈలోపు తొమ్మిది రోజుల తీజ్ మొదలై, పెళ్లికాని ఆడపిల్లలు బుట్టల్లో గోధుమలు చల్లేశారు. మొలకలు వచ్చేస్తున్నాయి.

ఈసారి పరీక్షకి తిరుపతిని పిలవలేదు, వాణ్ని మళ్లీ బెదరగొట్టే ధైర్యం లేదు. తల్లిని చెట్టు కింద నిలబెట్టి, రెండో ఫోను చెట్టుకి అవతలి పక్కన పట్టుకుని చూసింది. చేతులు వచ్చాయి! సిగ్నల్ ఒక్క గీత మీద ఉన్నప్పుడు కూడా వేళ్లు విడివిడిగా వచ్చాయి. పరుగెత్తుకెళ్లి తల్లికి చూపించింది. బాలి ఫోను చేతిలోకి తీసుకుని చాలాసేపు చూసింది. చేతుల వెనక రవికె ఉండాల్సిన చోట అలికిన గోడలా ఉంది. ఖర్చు తగ్గించడానికి అద్దాలన్నిటినీ ముందే అలికేసింది పుష్ప ప్రోగ్రాం.

“నా అద్దాలేవి?” అంది బాలి.

అవి పోతేనే చేతులు కనపడతాయని పుష్ప నచ్చజెప్పబోయింది.

“గట్లనా. మరి వాణ్ని దేంతోని పిలవాలె?”

చీరతో చేసిన తప్పే పుష్ప మళ్లీ చేసింది, ఈసారి లెక్కతో. వాడి పేరుని తీసుకెళ్లి పనికిరాని ఖర్చులో రాసింది. చెట్టు మొదట్లో కూర్చుండిపోయింది. ఉన్నది ఒక్క గీత సిగ్నల్. చేతులకిస్తే అద్దాలకి లేదు, అద్దాలకిస్తే చేతులకి లేదు. తల్లి పక్కనే నిలబడి, అలవాటుగా రెండు చేతులూ నడుం మీద పెట్టుకుని మబ్బు చాటు ఎండకేసి చూస్తోంది.

పుష్ప ఆ చేతులనే చూస్తోంది. యాడి మెరుపు వేసేటప్పుడు ఎప్పుడూ ఇలాగే నిలబడుతుంది. చేతులు కదపదు. మాట్లాడేటప్పుడు ఎండకి తిరగదు. పిలిచేటప్పుడు పిలుస్తుంది, మాట్లాడేటప్పుడు మాట్లాడుతుంది. రెండూ ఒక్కసారి ఎవరు చేస్తారు? గాజులు కదలనంతసేపూ సిగ్నలంతా అద్దాలకి, గాజులు కదిలిన క్షణం నుంచీ చేతులకి! అక్కడికక్కడే లాప్‌టాప్ ఒళ్లో పెట్టుకుంది. అన్నానికి రమ్మని దేవ్లా వచ్చి పిలిస్తే వినిపించుకోలేదు. ఆయన వాగు ఒడ్డు సంగతి గుర్తొచ్చిందో ఏమో, ఈసారి రెక్క పట్టుకోలేదు. పళ్లెం అక్కడికే తెచ్చిపెట్టి వెళ్లాడు.

తీజ్ ఆఖరి రోజు. పిల్లలు మొలకల బుట్టలు నెత్తిన పెట్టుకుని, వాగులో కలపడానికి బయల్దేరుతున్నారు. దేవ్లా చొక్కా ఉతికించి దండెం మీద వేసుకున్నాడు, రేపు పట్నం వెళ్లాలో వద్దో ఇవాళే తేలాలి. కొత్త ప్రోగ్రాం తిరుపతి ఫోనులోకి కూడా ఎక్కించమని పుష్ప ముందే రాసి పంపింది, నాన్న బాగున్నాడని కూడా రాసింది. ఇప్పచెట్టు దగ్గర సిగ్నల్ ఒక్క గీతే ఉంది. పొద్దుట్నుంచీ ముసురు. కాల్ కలిసే వేళకి దేవుడు కరుణించి మబ్బు కాస్త పక్కకి జరిగింది.

తెర మీద తిరుపతి మొహం వచ్చింది. గదిలో చీకటిగా ఉంది, వాడి కళ్లల్లో బెదురు ఇంకా పోలేదు. బాలి రెండు చేతులూ నడుం మీద పెట్టుకుంది. ఎండకి ఓరగా తిరిగింది. రవికె మీది అద్దాలన్నీ ఒక్కసారిగా భగ్గుమన్నాయి.

అవతల చీకటి గదిలో తెల్లటి వెలుగు వాడి మొహం మీద పడింది. తిరుపతి కళ్లకి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు.

బాలి చేతులు లేచాయి. అద్దాలు అలికినట్టయిపోయాయి, వేళ్లు బయటపడ్డాయి. అరచేతిలో అరచెయ్యి తిప్పి తట్టింది: రొట్టె తిన్నావా? తిన్నానన్నాడు. నుదుటి మీద గీసి, వెనక నిలబడ్డ దేవ్లాని చూపించింది. చూశానన్నాడు. ఆ తర్వాత వాళ్లిద్దరి చేతులూ ఆగలేదు. ఎన్నాళ్ల మాటలో, ఒకరు ముగించకముందే ఇంకొకరు అందుకుంటున్నారు. ఇంటికి వచ్చెయ్యి అని బాలి చెబుతుందేమోనని పుష్ప ఆ చేతులనే చూసింది. బాలి ఆ మాట అననే లేదు. వాలీబాల్ అంటే ఏంటో వాడు రెండు చేతులూ ఎగరేసి చూపిస్తుంటే నోరు తెరుచుకుని చూస్తోంది. దేవ్లా వెళ్లి దండెం మీది చొక్కా తీసి పెట్టెలో పెట్టేశాడు.

పుష్ప ఫోను పట్టుకుని నిలబడి ఉంది. ఇద్దర్లో ఒక్కరూ ఆవిడ వైపు చూడ్డం లేదు. ఫోను జాగ్రత్తగా చెట్టు మొదలుకి ఆనించి, కింద రాయి ఒకటి ఎగదోసి, వాగుకేసి నడిచింది. నడుమ తనెందుకు?